హీటర్ స్విచ్ ఆపిందెవరు?

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. హాస్టల్లో ఎవడైనా మొదలుపెడితే "పడుకోరా బాబూ" అని లైటు ఆర్పేసేవాణ్ని. అలాంటివాణ్ని ఇప్పుడు నేనే రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

వైటూకే పని, అంటే 2000 సంవత్సరం కోసం కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని, ఊపు మీదున్న రోజులు. కాకినాడ నుంచి సింగపూర్ వచ్చి సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామర్‌గా చేస్తున్నాను. వుడ్‌ల్యాండ్స్‌లో అద్దె ఫ్లాట్. మా ఆవిడ పద్మ అక్కడే ప్రసవించింది. ఆడపిల్ల. మా అత్తగారికి వీసా ఆలస్యమైంది. మా ఇద్దరికీ పిల్లని ఎత్తుకోవడమే సరిగ్గా రాదు, ఇక స్నానం సంగతి దేవుడెరుగు.

కింది అంతస్తులో ఉండే హైదరాబాద్ ఆవిడ, ఖాలిదా ఆంటీ, ఆదుకుంది. ఎవరూ అడగలేదు, తనే వచ్చింది. రోజూ పొద్దున్న బాత్రూంలో చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి నీళ్లు పోసేది.

నీళ్లు కాగేది స్టోరేజ్ హీటర్లో. సరిగ్గా ఆ పీటకి పైన, కప్పు కింద పెద్ద డ్రమ్ములా ఉండేది. అందులోంచే బాత్రూంకీ వంటింటికీ వేడినీళ్ల పైపులు. స్విచ్ బయట గోడకి. వేస్తే ఎర్ర దీపం వెలుగుతుంది.

ఒక శనివారం మా బిల్డింగ్ మీది ట్యాంకులు కడుగుతున్నారని పొద్దున్నే నీళ్లు ఆపేశారు. నేను మనూళ్లో చేసినట్టే చేశాను. కొళాయిలన్నీ తిప్పేసి కింద బకెట్లు పెట్టాను, నీళ్లు రాగానే చప్పుడు వినిపిస్తుందని. వేడినీళ్ల కొళాయిలు కూడా తిప్పేశాను. అదెంత తెలివైన పనో తర్వాత తెలిసింది.

చన్నీళ్లు బాగానే వచ్చాయి. వేడినీళ్ల కొళాయి మాత్రం పుస్సుపుస్సుమని గాలి కక్కి, నాలుగు చుక్కలు ఉమ్మి ఆగిపోయింది. పైపులో టకటకా చప్పుడు. గాలి పట్టిందని అర్థమైంది. అదే పోతుందిలే అనుకుని, కొళాయి కట్టేసి హీటర్ వేశాను.

కాసేపాగి చూస్తే ఎర్ర దీపం లేదు. స్విచ్ కట్టేసి ఉంది. మళ్లీ వేశాను. ఐదు నిమిషాలకి మళ్లీ అంతే.

అప్పటికే ఆంటీ పిల్లకి నూనె రాసేసి నీళ్ల కోసం చూస్తోంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పద్మ మంచం దిగలేదు. ఇంట్లో ఇంకెవరున్నారు? నా నోటి దురుసు మా చుట్టాలందరికీ తెలిసిందే. "ఊరికే స్విచ్ కట్టేస్తే నీళ్లెలా కాగుతాయి ఆంటీ? మీకు తెలీని పనిలో వేలు పెట్టకండి" అనేశాను.

"నేను ముట్టలే బేటా. చేతులు చూడు" అందావిడ. మోచేతుల దాకా నూనె. పిల్లని తెచ్చి పద్మ పక్కన పడుకోబెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా వెళ్లిపోయింది.

పద్మ నన్ను తిట్టని తిట్టు తిట్టింది. వెళ్లి స్విచ్ చూశాను. తెల్లటి ప్లాస్టిక్ మీద నూనె మరక ఒక్కటీ లేదు.

మూడోసారి వేసి అక్కడే నించున్నాను. కరెంటు పోలేదు, నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. నా కళ్లముందే స్విచ్ కదిలింది. ఠపీమని పడలేదు. ఎవరో వేలితో నొక్కుతున్నట్టు మెల్లగా వాలి, చివర్న టక్కుమంది. దీపం ఆరిపోయింది.

భయం వేసిందా అంటే, ఒట్టు, వెయ్యలేదు. చిన్నప్పుడు పొయ్యి దగ్గరకి పోతుంటే మా అమ్మ రెక్క పట్టి వెనక్కి లాగేది. అలా అనిపించింది. ఎందుకో ఏడుపొచ్చింది. మళ్లీ స్విచ్ ముట్టుకోలేదు.

మెట్లు దిగి ఆంటీ ఇంటికి పరిగెత్తాను. తప్పైపోయిందన్నాను. "మాఫీ తర్వాత అడుగు బేటా, ముందు గ్యాస్ మీద నీళ్లు పెట్టు. పిల్ల నూనెతోనే ఉంది" అంటూ నాకంటే ముందే మెట్లెక్కింది.

మధ్యాహ్నం ఇంటి ఓనర్ ఒక చైనీస్ ప్లంబర్ అంకుల్ని పంపాడు. ఆయన నిచ్చెనెక్కి చూసి నన్ను తిట్టాడు. నేను కొళాయిలన్నీ తిప్పి వదిలేయడంతో హీటర్లో నీళ్లు కిందికి జారిపోయి సగం కూడా మిగల్లేదట, మిగతాదంతా గాలేనట. వేడి మితిమీరితే కరెంటు ఆపే భాగం పాడైపోయింది. ఆవిరి వదిలే వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. "గంట ఆన్‌లో ఉంటే పేలిపోయేది లా. ఎవరు ఆఫ్ చేశారో వాళ్లకి థాంక్స్ చెప్పు" అన్నాడు, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో.

స్విచ్ కూడా విప్పించాను. ఇరవైసార్లు వేసి తీశాడు. శుభ్రంగా ఉందన్నాడు. అవి బాగుచేసి, వంటింటి కొళాయి, తర్వాత బాత్రూంది తిప్పి, గాలంతా పోయి ధార తిన్నగా పడేదాకా వదిలి వెళ్లాడు.

తర్వాత చాలామంది ఇంజనీర్లని అడిగాను. స్ప్రింగు వదులై ఉంటుందన్నాడొకడు. నిద్ర లేక నీకలా అనిపించిందన్నాడింకొకడు. నిజమే, పసిపిల్ల ఉన్న ఇంట్లో నిద్రెక్కడిది? కానీ మూడుసార్లూ ఆ పూటే స్విచ్ ఎందుకు ఆగిపోయింది? ఆ ఇంట్లో ఇంకో రెండేళ్లున్నాం, మళ్లీ ఒక్కసారి కూడా ఎందుకు ఆగలేదు?

ఆ సాయంత్రం, నేను చెప్పిందంతా విన్న పద్మ నెమ్మదిగా లేచి, పిల్లని ఎత్తుకుని ఆ గోడ దగ్గరకి వచ్చింది. పిల్ల మొహం మీది గుడ్డ తొలగించి, చుట్టాలకి చూపించినట్టు స్విచ్ వైపు తిప్పి కాసేపు పట్టుకుంది.