నీళ్ళ దాకా పట్టిన దుప్పటి

మా ముత్తాతగారు సంస్థానంలో దివానుగా చేశారు. మా తాతగారికి కృష్ణ ఒడ్డున కొన్ని ఊళ్ళ మీద శిస్తు హక్కు ఉండేది. ఆయన వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా నాయనమ్మ గుమ్మం దాటిందంటే సవారీ బండి దాకా రెండువైపులా మనుషులు తెరలు పట్టేవారు. ఆవిడ కాలి కడియాల చప్పుడు ఊరందరికీ తెలుసు గానీ, ముఖం ఎరిగిన పరాయి మగవాడు ఒక్కడూ లేడు. నేను పుట్టేనాటికి ఆ హక్కులు పోయాయి, బండి పోయింది, మేడ ముందుభాగం పొగాకు వ్యాపారికి అద్దెకు పోయింది. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం మాత్రం మా వాళ్ళు నాకు నేర్పి వెళ్ళారు.

ఇప్పుడీ పాత గొప్పలు ఎందుకంటే, మొన్న సాయంత్రం జెర్సీ సిటీలో మా అమ్మాయి ఉండే భవనంలో లిఫ్టు కోసం చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నాను. తలుపులు తెరుచుకోగానే ఇద్దరు పిల్లలు తువ్వాళ్ళు చుట్టుకుని తడికాళ్ళతో బయటికి పరుగెత్తారు, వాళ్ళ వెనకాలే ఈతకొలను వాసన, ఆ క్లోరిన్ ఘాటు, గుప్పున ముఖానికి కొట్టింది. ఒక్కొక్క వాసన మనిషిని ఎంత దూరం లాక్కుపోతుందో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. లిఫ్టు నన్ను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయింది. నేను మళ్ళీ టెక్సాస్‌లో, మా ప్లేనోలో ఉన్నాను, పక్కన మావారున్నారు.

మావారు టెలిఫోన్ పరికరాలు చేసే కంపెనీలో ఇంజనీరు. రెండువేల ఒకటిలో కంపెనీలన్నీ మనుషుల్ని గంపగుత్తగా తీసేస్తున్నప్పుడు ఆయన్నీ ఇంటికి పంపేశారు. ఇంకోచోట ప్రయత్నించి ఉండవచ్చు గానీ, అమ్మాయి అప్పటికే ఉద్యోగంలో కుదురుకుంది, ఇంటి అప్పు తీరి ఇల్లు మాదైపోయింది, ఇక చాలనుకున్నారు. ఆయన ఒక పల్లెటూరి బడిపంతులుగారి అబ్బాయి. మా పుట్టింటి ప్రతాపాలు ఆయనకు తీరని వేళాకోళం. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన ‘దొరసానిగారు’ అనే పిలుపును చివరిదాకా వదల్లేదు. పొద్దున్నే ఫిల్టర్ కాఫీ కలిపి గది గుమ్మం దగ్గర నిలబడి, ‘దొరసానిగారికి కాఫీ ఇక్కడికి తెమ్మని సెలవా, తమరే వంటింట్లోకి దయచేస్తారా?’ అనేవారు. నేను నవ్వేదాన్ని కాదు. నవ్వితే ఆయనకు లోకువైపోతానని నా భయం.

పని మానుకున్న ఇద్దరు మనుషుల రోజు ఎలా గడుస్తుందో ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు ఊహకందదు. కొట్లు తెరవక ముందు మాల్ లోపల చల్లగా ఉంటుందని ముసలివాళ్ళంతా అక్కడ నడిచేవారు, మేమూ నడిచేవాళ్ళం. తరవాత లైబ్రరీ, తరవాత ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు తాజాగా వచ్చిందేమో చూడడం. మధ్యాహ్నం ఆయన గరాజ్‌లో పాత రేడియోలు విప్పుకుని, తప్పు రాగంలో ఏదో కూనిరాగం తీసుకుంటూ కూర్చునేవారు. నేను పెరట్లో ఆనపపాదుకు పందిరి సరిచేసుకునేదాన్ని. ఆదివారాలు మడతకుర్చీలు, పులిహోర డబ్బా కారులో వేసుకుని సరస్సు ఒడ్డుకు వెళ్ళి తెరచాప పడవల్ని చూస్తూ పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్ళం. ఎక్కడికి వెళ్ళినా కారు ఆయనే నడిపేవారు. కాళ్ళు బాగున్న రోజుల్లో నన్నూ నేర్చుకోమని ఎన్నోసార్లు బతిమాలారు. మా ఇంట్లో బండి తోలడానికి మనుషులుండేవారని నేను ఊరుకునేదాన్ని. మనవాళ్ళ విందులకు వెళ్ళినా, కాగితం పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడడం నా చేతకాలేదు. ఆయనే రెండు పళ్ళేలూ పట్టుకుని నిలబడేవారు.

ఆ రోజుల్లోనే నా మోకాళ్ళు మొరాయించాయి. మన తెలుగు డాక్టరమ్మ, మా అమ్మాయి ఈడుది, ఎక్స్‌రే చూసి మొహమాటం లేకుండా చెప్పింది. ‘ఆంటీ, మీ షుగర్‌కి ఇప్పుడు సర్జరీ రిస్క్ తీసుకోలేం. వాటర్ ఎక్సర్‌సైజ్ క్లాస్‌లో జాయిన్ అవ్వండి. నీళ్ళలో అయితే మోకాళ్ళ మీద వెయిట్ పడదు. కాదంటే కొన్నాళ్ళకి వీల్‌చెయిరే, నేను చెప్పలేదనకండి.’

నేను వినలేదు. నలుగురు మగవాళ్ళు ఉన్న కొలనులోకి, ఒంటికి అతుక్కునే బట్టలతో, దివానుగారి మునిమనవరాలు దిగడమా? మావారు వాదించలేదు. ముందు తానే ఆ తరగతిలో చేరి, తడితలతో ఇంటికొచ్చి అక్కడి విశేషాలు చెప్పడం మొదలుపెట్టారు. అక్కడ అందరూ ముసలివాళ్ళేనట, ఈత వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురోనట. ఆ తరవాత ఒకరోజు ఒక పొట్లం నా ముందు పెట్టారు. మెడ నుంచి మడమ దాకా, మణికట్టు దాకా కప్పే నల్లని ఈతదుస్తులు, ఎక్కడ వెతికి తెప్పించారో.

‘వేసుకున్నా, గదిలోంచి నీళ్ళ దాకా నడవాలి కదా?’ అన్నాను.

‘నడవండి. నేను తెర పడతాను’ అన్నారు.

ఇదీ వేళాకోళమే అనుకున్నాను. కాదు. మర్నాడు ఆయన మా ఇంటి మచిలీపట్నం అద్దకం దుప్పటి సంచిలో పెట్టుకుని వచ్చారు. నేను బట్టలు మార్చుకునే గది గుమ్మంలోకి వచ్చేసరికి, కొలను ఉన్న అంత పెద్ద హాలులో, అంతమంది తెల్లవాళ్ళ మధ్య, ఆ మనిషి రెండు చేతులూ బారలు చాపి దుప్పటి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కడి చేతులకు అది చాలడం లేదు, ఓ పక్క జారిపోతోంది. అప్పుడు కొలను గట్టు మీద కూర్చున్న పొడుగాటి ముసలాయన లేచి వచ్చి రెండో అంచు పట్టుకున్నాడు. నేను తల దించుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ, ఆ దుప్పటి నీడలో మెట్లు దిగాను.

ఆ ముసలాయన, ఆయన భార్య స్కాట్లండ్ వాళ్ళు. టెక్సాస్ చమురు కంపెనీలో పనికని వచ్చి, రిటైరై ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ మావారిని పక్కకు పిలిచి, మీ భార్య ఏ దేశపు రాణి అని అడిగిందట. ఈయన ఏమాత్రం తడుముకోకుండా, ‘ఆవిడ కూడా రిటైరయ్యారండీ’ అన్నారట. ఇంటికి బయల్దేరే ముందు కారులో ఆ మాట చెప్పి, స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వారు. ఆ రోజు నేనూ నవ్వాను.

నీళ్ళలో ఏం జరిగిందో చెప్పకపోతే ఇదంతా వృథా. నడుము దాకా దిగేసరికి నా బరువంతా ఎవరో చేతుల్లోకి తీసుకున్నట్టయింది. మోకాలు ముడిచాను, చాచాను, నొప్పి లేదు. అంతకు ముందు ఎన్నాళ్ళ నుంచి నొప్పితో ఉన్నానో, అది లేనప్పుడే తెలిసింది.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. తరగతి ఉన్న ప్రతిరోజూ దుప్పటికి ఆ చివర స్కాట్లండ్ ముసలాయన, ఈ చివర మావారు. ముసలాయన తాత స్కాట్లండ్‌లో ఏదో పెద్ద దొరల కోటలో గుర్రాలు పట్టేవాడట. తమ ఇంటివాళ్ళకు ఈ పని కొత్త కాదని ముసలాయన నాతో గొప్పగా చెప్పుకున్నాడు. తమ ఊళ్ళోనే ఉండి ఉంటే ఈ వయసులో ఏం చేసేవాళ్ళమోనని ఆయనా, ఆయన భార్యా తరచూ చెప్పుకునేవారు. వానలో కొండల వెంట నడక, వెనక పెరట్లో బంగాళాదుంపలు, సాయంత్రం నలుగురు చేరి చుక్కల బిళ్ళలతో డామినోల ఆట, అంతేనట. సరస్సు ఒడ్డుకు మాతో వాళ్ళూ రావడం మొదలుపెట్టారు. వాళ్ళు డామినోలు తెచ్చేవారు, మేం పులిహోర తెచ్చేవాళ్ళం. ఎవరి ఇంటి గొప్ప వారు చెప్పుకునేవాళ్ళం, మావారొక్కరే చెప్పుకోవడానికేమీ లేక హాయిగా వింటూ కూర్చునేవారు.

తరవాత మావారికి గుండెపోటు వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కూడా కొలనుకు రావడం మానలేదు. నీళ్ళలోకి దిగకూడదన్నారు గనక, నన్ను దింపి గట్టు మీద కూర్చునేవారు. ఒక ఉదయం నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన వైపు దుప్పటి అంచు నేల మీద తడిలో జీరాడుతోంది. ఎత్తాలని చూస్తున్నారు, అది మళ్ళీ మళ్ళీ జారిపోతోంది. నా వైపు చూడకుండా, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకుని నిలబడ్డారు.

‘ఏమండీ, ఇక చాల్లెండి, మడత పెట్టెయ్యండి’ అన్నాను.

‘దొరసానిగారి ప్రతిష్ఠ?’

‘మీ దగ్గర పెట్టుకోండి.’

ఆయన బల్ల మీద కూర్చుని దుప్పటి ఒడిలో పెట్టుకున్నారు. నేను గుమ్మం నుంచి మెట్ల దాకా, వెన్ను నిటారుగా పెట్టి, నడిచి వెళ్ళాను. నన్ను ఎవరూ చూడలేదు. ఎవరి మోకాళ్ళు వాళ్ళవి, ఎవరి నడుం నొప్పి వాళ్ళది. మావారొక్కరే నీళ్ళు చేరేదాకా నన్ను చూస్తూ కూర్చున్నారు.

ఆ చలికాలంలోనే ఆయన పోయారు.

కొన్నాళ్ళు స్కాట్లండ్ దంపతులు నన్ను తమ కారులో ఎక్కించుకుని తీసుకువెళ్ళారు. వెనక సీటులో కూర్చుని, దారి పొడుగునా ఏం మాట్లాడాలో తెలియక, దిగేటప్పుడు మాత్రం థాంక్యూ చెప్పేదాన్ని. తరవాత ముసలాయనకు చూపు తగ్గింది, కారు నడపొద్దన్నారు. ఇద్దరూ తమ దేశంలో ఆవిడ చెల్లెలి ఊరికి వెళ్ళిపోయారు. తరగతిలో మరొకావిడ తీసుకువెళ్తానంది. ముఖపరిచయం తప్ప మాట కలవని మనిషి బండిలో రోజూ ఊరికే ఎక్కడం నాకు మనస్కరించలేదు, వద్దన్నాను. ప్లేనోలో కారు లేని మనిషి ఇంట్లో ఉన్నట్టే లెక్క. బస్సు మా వీధికి రాదు. ఆ వేసవికి వంటింట్లోంచి పెరటి గుమ్మం దాకా నడవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన కుర్చీ, ఆమె చెప్పినట్టే వచ్చింది.

మా అమ్మాయి మంచిది, కుర్చీ వచ్చాక నన్ను తన దగ్గరికే తెచ్చుకుంది. మొన్న లిఫ్టు దగ్గర నేను కదలకుండా కూర్చోవడం చూసి, ‘అమ్మా, పైన పూల్ ఉంది కదా, యూ యూస్డ్ టు లవ్ ఇట్! నీళ్ళలోకి దింపే లిఫ్ట్ చెయిర్ కూడా పెట్టారు, రేపు వెళ్దామా?’ అంది. చూద్దాంలే అన్నాను. ఈ భవనంలో తలుపు తీసి పట్టుకునేవాళ్ళున్నారు, పలకరించి నవ్వేవాళ్ళున్నారు. నేను ఎవరి మనవరాలినో ఇక్కడెవరికీ తెలియదు, అందుకు నాకు బాధ లేదు. మా వంశం పేరెత్తి నన్ను ఆటపట్టించే మనిషి లేకపోయేసరికి, ఆ పెద్దరికం నాకే పరాయిదైపోయింది. ఎవరూ వేళాకోళం చెయ్యని గొప్పను ఒక్కదాన్నే మోసుకుంటూ కూర్చోవడం ఎంత బరువో, మా నాయనమ్మకు తెలిసే అవకాశం రాలేదు.

కారును ఆయన పోయిన ఏడాదే అమ్మేశాం. ప్లేనో ఇంటిని, గరాజ్‌లో విప్పి పెట్టిన రేడియోలతో సహా, ఆ తరవాతి వేసవిలో అమ్మేశాం.