గాలికి ఎదురొచ్చిన పడవ

ఫలానా ఇంట్లో దయ్యం తిరుగుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ ఇంటి మీద ఎవరెవరికి తగాదా ఉందో ముందు కనుక్కునేవాణ్ణి. విలేకరిగా పనిచేసినంత కాలం ఆ పద్ధతి నన్ను ఒక్కసారీ మోసం చేయలేదు. దయ్యాలను నేను నమ్మను. ఇది చదివి మీరూ నమ్మనక్కర్లేదు.

మా బామ్మర్ది సుధాకర్‌ది దేవరకొండ. ఆ మధ్య ఒక కయాక్ కొన్నాడు. ఒక్కరు కూర్చుని రెండు వైపులా తెడ్డు వేసుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. అందులోంచి గాలం వేయడం అతనికి కొత్త పిచ్చి. ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం నన్నూ డిండి ప్రాజెక్టుకు తీసుకుపోయాడు.

నాకు ఈత రాదు. అతనిచ్చిన లైఫ్ జాకెట్‌ను ఉక్కపోతకు తొడుక్కోలేక, మడిచి కింద వేసుకుని పడవలో కూర్చున్నాను.

"అది పరుపనుకున్నవా బావా? తొడుక్కో జర."

"నేనేమన్న సముద్రం దాటుతున్ననా? గీ ఒడ్డుకే ఉంట."

"తెడ్డుకన్న తాడు కట్టుకో. మునిగితే అక్కకు ఏం చెప్పాలె నేను?"

"పులుసుకు చింతపండు నానబెట్టమను."

ఒడ్డున చేపలు తగల్లేదు. కొంచెం కొంచెం లోపలికి పోయాను. పిండి ముద్దను గాలానికి గుచ్చి, బొటనవేలితో గట్టిగా నొక్కి విసిరాను.

అంతలో ఒడ్డు వైపు నుంచి గాలిదుమారం లేచింది. పడవ ఊగింది. గాలం కర్ర పోతుందని రెండు చేతులా దాన్నే పట్టుకున్నాను. తెడ్డు జారి కొట్టుకుపోయింది. జాకెట్ తీయాలంటే లేవాలి. లేస్తే పడవ తిరగబడుతుంది. గాలి నన్ను ప్రాజెక్టు నడిమికి తోస్తోంది. ఒడ్డు మీద సుధాకర్ చేతులూపడం కనిపిస్తోంది గాని కేకలు వినబడడం లేదు.

అప్పుడు దారం బిగిసింది.

చేప అనుకున్నాను. చేప అటూ ఇటూ గుంజుతుంది, ఆగుతుంది. ఇది ఆగలేదు. తప్పిపోయిన పిల్లవాణ్ణి చెయ్యి పట్టి నడిపించినట్టు, ఒకే తీరుగా పడవను ఒడ్డు వైపు తీసుకుపోయింది. ఎదురు అలలు ముఖాన కొడుతున్నాయి. నాలో భయం పోయింది. దండం పెట్టాలనిపించింది గాని కర్ర వదిలే ధైర్యం లేదు.

పడవ ఇసుకకు తగలగానే దారం వదులైంది. సుధాకర్ నీళ్లలోకి ఉరికొచ్చి పడవను పట్టుకున్నాడు.

"గాలికి ఎదురు ఎట్ల వచ్చినవ్ బావా? చేతిల తెడ్డు గూడ లేకపాయె!"

"చేప గుంజింది."

"ఏదీ, తియ్యి."

రీలు తిప్పాను. బరువు లేదు. గాలానికి పిండి ముద్ద అలాగే ఉంది. నీళ్లలో పడ్డ కాసేపటికే కరిగి రాలిపోవలసిన ముద్ద అది. దాని మీద నా బొటనవేలి నొక్కు కూడా చెదరలేదు.

తర్వాత అక్కడ వలలేసేవాళ్లను అడిగాను, గాలం రాయికి చిక్కి ఉంటుందా అని. "చిక్కితే పడవ ఆగుతది గని నడుస్తదా సారూ?" అని నవ్వారు.

ఇప్పటికీ పోతుంటాం. జాకెట్ ఒడ్డు మీదే బిగించుకుంటాను. తెడ్డును పడవకు కట్టుకుంటాను. ఒడ్డు నుంచి లోపలికి గాలి వీస్తుంటే అసలు దిగను. మొదటి ముద్ద మాత్రం గాలానికి గుచ్చకుండా నీళ్లలో వేస్తాను.

ఎవరికని సుధాకర్ ఎప్పుడూ అడగలేదు. అడిగినా నాకు తెలియదు.