గిలిపాడు అసలు పేరు

2021 మార్చి. భద్రాచలం వంతెనకు ఇవతల, బూర్గంపాడు వైపు, గోదావరికి కిలోమీటరు పైచిలుకు దూరంలో ఒక వెంచర్‌లో ప్లాట్లు అమ్మిపెడుతున్నాను. వెంచర్ అంటే మెట్ట చెలకలు కొని, చదును చేసి, రోడ్లు గీసి, ఇళ్ల స్థలాలుగా కోసి అమ్మే వ్యాపారం. నేను నడిమి మనిషిని. మాది కొత్తగూడెంలో బట్టల దుకాణం. మా అబ్బా చీర చూపించేటప్పుడు మరక ఉన్న వైపు లోపలికి మడిచి చూపేవారు. "అబద్ధం చెప్పకు బేటా, మడత సరిగ్గా పెట్టు, చాలు" అనేవారు. నేను బట్టలు వదిలేసి భూముల్లోకి వచ్చాను. మడత మాత్రం వెంట తెచ్చుకున్నాను.

వెంచర్ యజమాని హైదరాబాద్ మనిషి. బ్రోచర్ మీద నీలి సముద్రం బొమ్మ వేసి, 'గ్లిఫాడ' అని పేరు పెట్టాడు. అది గ్రీసు దేశంలో, ఏథెన్స్ నగరం అంచున సముద్రపు ఒడ్డున ఉన్న శివారు అట. నేను ఫోన్‌లో చదివి బట్టీ పట్టాను. వెనక కొండ, ముందు సముద్రం, మధ్యలో ఒకప్పుడు పొలాలూ బావులూ. నగరం వాళ్లు వేసవిలో స్నానాలకు వచ్చేవారు. తర్వాత బంగళాలు కట్టుకున్నారు. ట్రామ్ వచ్చింది, పక్కనే విమానాశ్రయం వచ్చింది, అడుగు జాగా దొరకడం కష్టమైంది. "మనదీ అంతే. వెనక గుట్టలు, ముందు గోదారి, నడుమ మీ ఇల్లు" అని వచ్చినవాళ్లకల్లా అప్పజెప్పేవాణ్ణి.

కనకయ్య బొగ్గుగనిలో పనిచేసి రిటైరైనవాడు. క్వార్టర్ ఖాళీ చేయాల్సిన రోజు దగ్గరపడుతోంది. భార్య లచ్చమ్మను వెంటబెట్టుకుని సైట్ విజిట్‌కు, అంటే స్థలం కళ్లారా చూసుకోవడానికి, వచ్చాడు.

"ఏం పేరు భాయ్ ఇది? గిలిపాడా?"

"గ్లిఫాడ అన్నా. గ్రీసు దేశం."

"బూర్గంపాడు పక్కన గిలిపాడు. కుదిరింది పో!" అని నవ్వాడు.

లచ్చమ్మ నవ్వలేదు. వంగి మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది. "గింత మెత్తగుందేంది? ఒండ్రు లెక్కుంది. చూడు భాయ్, పెండ్లైన కాంచి క్వార్టర్‌లనే ఉన్నం. ఇదే మాకు మొదటి ఇల్లు, ఇదే ఆఖరిది. మళ్ల కొనే తాకత్ లేదు."

"మంచి మట్టక్కా. మల్లెచెట్టు పెట్టుకో, ఎట్ల పూస్తదో చూడు."

లేఅవుట్‌లో పార్కు అని గీసిన చోట ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. దాని కింద ముత్తమ్మ అనే కోయ ముసలామె ఇప్పపువ్వు ఏరుకుంటోంది. లచ్చమ్మ అటు చూసి, "ఆమెనడుగుదాం. ఈ చెలకను ఏమంటరో, ఏం పండుతుండెనో" అంది.

ఆమెను అడగనివ్వకూడదు. ఎందుకంటే, హద్దురాళ్లు పాతిన రోజున ఆ ముత్తమ్మే నా దగ్గరికొచ్చి, "ఏంది సేటూ, పడవకట్టుల ఇండ్లు గడ్తరా?" అని అడిగింది. ఆ చెలక పేరు పడవకట్టు. పెద్ద వరదొస్తే ఊరి పడవలు ఆ ఇప్పచెట్టుకే కట్టేవారట. "గా పడవలు ఇప్పుడేడున్నయ్ పెద్దమ్మా?" అని నేను ఎగతాళి చేశాను. "పడవలు లేవు. గోదారున్నది గద" అని వెళ్లిపోయింది.

"ఆమెకు తెలుగు రాదక్కా. కోయ మాటే" అన్నాను.

ముత్తమ్మ తలెత్తి నన్నొకసారి చూసింది. మళ్లీ వంగి పువ్వు ఏరుకుంది.

తర్వాత బేరం. ఓడిపోయినట్టు మొహం పెట్టడంలో నన్ను మించినవాడు లేడు. తూర్పు ముఖం ఉన్న మూల ప్లాటును పట్టుబట్టి గెలుచుకున్నానన్న సంతోషం కనకయ్యకు మిగిల్చాను. ఆయన లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ భూమి చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, లాయరుకు చూపించుకున్నాడు. అన్నీ సక్రమమే. వాటిలో సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, నాలుగు హద్దులు ఉంటాయి. పడవలు ఉండవు.

మరుసటి ఏడు మే నెలలో గృహప్రవేశం. నాకు కొత్త బట్టలు పెట్టారు. జూలైలో గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటి, ఇంకా పెరుగుతూనే పోయింది.

బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని వెళ్లాను. తప్పు కడుక్కోవడానికి బ్రెడ్డు! ఒక తరగతి గదిలో కనకయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"సజ్జ దాకా వచ్చినయ్ నీళ్లు. మిద్దె మీదికెక్కినం. పడవ తెచ్చిన పోరగాళ్లు దాన్ని ఏడ కట్టిన్రో ఎరికేనా భాయ్? నీ పార్కుల ఇప్పచెట్టుకు."

లచ్చమ్మ చాప మీద ఉంది. అదే చాప మీద, ఆమె పక్కనే, ముత్తమ్మ.

"రఫీ భాయ్, ఈమెకు తెలుగు మంచిగొస్తది" అంది లచ్చమ్మ. గొంతు పెంచలేదు. "నిన్నటి సంది మాట్లాడుకుంటున్నం. ఆ చెలక పేరు కూడ చెప్పింది."

"నేర్చుకున్న సేటూ" అంది ముత్తమ్మ. "ఏడాది పైనే టైమిచ్చినవు గద."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లచ్చమ్మ నవ్వలేదు. బ్రెడ్డు ప్యాకెట్లు చేతుల్లోనే మిగిలిపోయాయి.

నీళ్లు తీశాక చూస్తే గచ్చు కుంగింది, గోడలు నెర్రెలిచ్చాయి. ఇప్పుడు వాళ్లు కొత్తగూడెంలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. ఆ ఇల్లు అమ్మిపెట్టమని కనకయ్య ఒకసారి ఫోన్ చేశాడు. వెనక నుంచి లచ్చమ్మ మాట వినిపించింది: "అమ్మితే పేరు చెప్పి అమ్మమను. నాలెక్క ఇంకొకతి ఆ మిద్దె ఎక్కొద్దు."

ఆ తర్వాత ఒకరోజు ఆ గ్రీకు ఊరి గురించి మళ్లీ చదివాను. అమ్మకానికి పనికిరాదని అప్పట్లో వదిలేసిన ముక్క ఒకటుంది. గ్లిఫాడ అన్న పేరు ఉప్పదనం తగిలే బావుల వల్ల వచ్చిందట. అంత ఖరీదైన ఊరు, తన లోపాన్ని పేరులోనే పెట్టుకుని పెరిగింది. నిజం చెప్పే పేరొకటి యజమాని అక్కణ్ణుంచి ఎత్తుకొస్తే, నిజం చెప్పే పేరొకటి నేను ఇక్కడ మడతలో దాచాను.

ఇప్పుడు ఏ భూమికి వెళ్లినా సర్వే నంబరు కంటే ముందు పాత పేరు అడుగుతాను. పశువులు కాసేవాళ్లను, ఇప్పపువ్వు ఏరేవాళ్లను అడుగుతాను. ఈ బేరం నేర్పింది అదే. నేర్చుకోవడానికి అయిన ఖర్చు మాత్రం నాది కాదు.

కనకయ్య ఇంటిని చూడటానికి ఇప్పటికి ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ గిలిపాడు అసలు పేరు చెప్పాను. ముగ్గురూ ఇప్పచెట్టు వైపు ఒకసారి చూసి బండెక్కారు. మడత విప్పి చూపించి కూడా సరుకు అమ్మే విద్య మా దుకాణంలో నాకెవరూ నేర్పలేదు.