కాళ్ల జట్టుకు రావలసిన ఆరు మార్కులు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా ఉంటే, అది తెలుసుకోదగింది కాదని నా గట్టి నమ్మకం. తిరుపతిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ కాలేజీలో క్విజ్ పోటీలు నడిపేదాన్ని. (నడపడమే, గెలిచింది ఒక్కటీ లేదు.) అప్పుడే నగరిలో మా నాయన మిద్దె మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరులో కట్టు కట్టించి, రెండో కట్టు మార్చేదాకా అక్కడే, కట్లు కట్టించుకున్నవాళ్లంతా ఉండే ఒక రేకుల షెడ్డులో ఉంచాం. తోడు నేను. మా చిన్నాయన రోజూ బస్సెక్కి చూడడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడేవాడు. నాయనమ్మ పోయాక, ఆమె గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే గుంట మగ్గాన్ని తనకు చెప్పకుండా విప్పేశాడని నాయనకు కోపం. మూడేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. "పాపా, మీ నాయనకు నొప్పి తగ్గినాదా అడుగు" అని ఆయన గుమ్మంలో నుంచి, "తగ్గినాదని చెప్పు" అని ఈయన మంచం మీద నుంచి. మధ్య దూరం పది అడుగులు. వీళ్లిద్దరూ ఇట్లాగే ముసలివాళ్లయి పోతారేమోనని నాకు లోపల ఏడుపొచ్చేది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో ఎవరికీ పొద్దుపోకపోతే, క్విజ్ పెడతానని ప్రకటించాను. పుస్తకాల ప్రశ్నలు కావు. ఒక్కొక్కరూ తమ ఇంటి సంగతో, పని సంగతో నా చెవిలో చెబితే చీటీల మీద రాసుకున్నాను. విరిగిన చేతులు ఒక జట్టు, విరిగిన కాళ్లు ఒక జట్టు. "తెలిసినవాళ్లు కుడి చెయ్యి ఎత్తండి" అన్నాను గంభీరంగా. చేతుల జట్టు నాయకుడు, కార్వేటినగరం మామిడితోట మామ, మెడకు వేలాడుతున్న తన కట్టు చూసుకుని, "అది ఎత్తలేకనే గదమ్మా ఈడ పడుండాము" అన్నాడు.

రూలు మార్చాను. గుమ్మం దగ్గర స్టూలు మీద స్టీలు పళ్లెం, గరిటె. ముందు మోగించినవాళ్లదే జవాబు. ఈసారి కాళ్ల జట్టు గొల్లుమంది, "మేమెట్ల లేచేది పాపా?" అని. అక్కడ రెండు మంచి కాళ్లతో ఖాళీగా నిలబడి ఉన్నది చిన్నాయన ఒక్కడే. ఆయన్నే కాళ్ల జట్టుకు కాళ్లుగా నియమించాను. (ఇది ముందే వేసుకున్న పథకమని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను. నిజానికి అప్పటికప్పుడు తోచింది.) జట్టు నాయకుడు నాయన. జవాబు ఆయన చిన్నాయనకు చెబితే, చిన్నాయన మోగించాలి.

మొదటి ప్రశ్నకే నాయన నా వైపు తిరిగి, "మీ చిన్నాయనకు చెప్పు..." అన్నాడు. "క్విజ్ మాస్టరు జవాబులు మోయకూడదు" అన్నాను. అంతే, నోరు మూసేసుకున్నాడు. చూస్తుండగానే చేతులకు ఐదు, కాళ్లకు సున్నా. ఆఖరి చీటీ ఎవరూ చెప్పింది కాదు, నేనే రాసుకున్నది; దానికి ఆరు మార్కులని ప్రకటించి చదివాను: "నగరిలో ఒక నాయనమ్మ, పిల్లలకు తెలియకుండా మగ్గం గుంటలో ఏం దాచేది?" పక్షపాతమా అంటే పక్షపాతమే.

చిన్నాయన చెయ్యి గరిటె మీదికి పోయింది. "బెల్లం" అని గొణిగాడు.

"రేయ్, మోగించొద్దురా! బెల్లం కాదు!"

మూడేళ్ల తర్వాత నాయన ఆయనతో అన్న మొదటి మాట అది. చిన్నాయన గరిటె అట్లాగే పట్టుకుని వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"మరి ఏందన్నా?"

"చెనక్కాయల ఉండలురా. దొంగతనంగా తినింది నువ్వు, తన్నులు తినింది నేను."

చిన్నాయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ మగ్గాన్ని చెదలు తినేసినాయన్నా. నీకు చూపించేదానికి మనసు రాలేదు."

"ఆ మాట అప్పుడే చెప్పేదానికేమిరా" అని నాయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. చెయ్యి మాత్రం తమ్ముడి మోకాలి మీద వేశాడు.

చిన్నాయన కళ్లు తుడుచుకుని పోయి పళ్లెం మోగించాడు. కానీ నా చీటీలో బెల్లం అనే ఉంది. తప్పు అన్నాను. "మా అమ్మ సంగతి మాకు తెల్దా? నువ్వు అప్పటికి పుట్టనే లేదు గదమ్మే!" అని ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. "ఉండలో బెల్లం ఉండాది గదా, సగం మార్కులన్నా వెయ్యి పాపా" అని అవతలి జట్టు మామే సిఫార్సు చేశాడు. నేను కదల్లేదు. ఆ తర్వాత పండక్కీ పబ్బానికీ, పక్కపక్కన కూర్చుని అన్నం తింటూ, అన్నదమ్ములిద్దరూ ఆ ఆరు మార్కులు అడుగుతూనే ఉన్నారు. నేను ఇవ్వలేదు.

నాయన పోయి ఏడాది అవుతోంది. మొన్న చిన్నాయన మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "పాపా, ఆ ఆరు మార్కులు ఇచ్చేయ్. పోయేముందు మా అన్న నన్ను అడగమన్నాడు" అన్నాడు.

చీటీ పట్టుకుని అంత మొండిగా నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. లోపలికి పోయి ఒక పళ్లెం, గరిటె తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.