నేను చదివితే మొలిచిన మీసాలు

1970ల చివర మేము పుంగనూరులో ఉండేవాళ్లం. మా అమ్మకు చదువు రాదు, నవలలంటే మాత్రం ప్రాణం. వారపత్రికల్లోని సీరియల్ కాగితాలు చించి కుట్టించుకున్న పుస్తకాలను అక్క బిగ్గరగా చదువుతుంటే, అమ్మ విత్తనం కోసం చెనక్కాయలు వలుస్తూ వినేది. అక్క పెళ్లయి కుప్పం వెళ్లాక ఆ పని నాకు వచ్చింది. అప్పటికి నేను మదనపల్లె కాలేజీలో భౌతికశాస్త్రం చదువుతున్నాను.

ఒక ఇల్లాలు తన కథ తానే చెప్పుకునే నవల మొదలుపెట్టాను. కాసేపటికే అమ్మ చేట పక్కన పెట్టింది.

"చాలప్పా. నువ్వు సదవతాంటే ఆ యమ్మకి మీసాలు మొలస్తాండాయి."

"కథ అదే కదమ్మా! ఒక్క మాటా మార్చలేదు."

"కథ అదేలే. చెప్పేది ఆడమనిషి గదా, ఆ యమ్మ నాకు యాడా అగపడలా."

మగవాడు చెప్పే నవల చదివి చూశాను. అమ్మ నవ్వుతూ విన్నది, మళ్లీ చదవమని అడగలేదు. శ్రావణంలో అక్క వచ్చి ఆ ఇల్లాలి కథనే చదివినప్పుడు అమ్మ కళ్లు తుడుచుకుంది. కథ చెప్పేదీ చదివేదీ ఆడవాళ్లయితేనే అమ్మకు ఆనందమని తేల్చుకుని, నేను చదవడం మానేశాను.

ఇప్పుడు చూస్తే ఆ నిర్ధారణ నిలవదు. గొంతుతో పాటు మనిషీ మారింది. అమ్మ కన్నీళ్లు ఆడ గొంతుకో, పుట్టింటికి వచ్చిన కూతురికో తెలియాలంటే పొరుగింటావిడ చేత ఒక్క అధ్యాయం చదివిస్తే సరిపోయేది. అమ్మనే అడిగి ఉండవచ్చు కూడా. 1980ల్లో ఆమె పోయేదాకా ఆ రెండూ చేయలేదు. అక్క రాని నెలల్లో అమ్మకు కథ వినిపించేవారే లేకపోయారు.