నాగమణి మణికట్టు

ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. రాత్రీ పగలూ ఇదే మోశానని అనను, మధ్యలో నెలల తరబడి మరిచిపోయి హాయిగా తిన్నాను, నవ్వాను. ఎవరైనా చేతికి స్కాన్ తీయించుకోవడానికి వచ్చినప్పుడు మాత్రం ఆ బరువు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఈరోజు ఇలా రాసి మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నేను రేడియాలజిస్టుని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బెజవాడలో ఒక స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై ఫిల్ములు చూసి రిపోర్టులు రాసేదాన్ని. వచ్చేవన్నీ నడుములు, మెడలు, తలలు. మణికట్టు స్కాన్ అరుదు.

పామర్రు అవతల ఒక ఊరి నుంచి నాగమణి అనే అమ్మాయి వచ్చింది. నేతపని వాళ్ళు. పాతికేళ్ళు కూడా ఉండవు. మగ్గం తాడు లాగే కుడిచేతి మణికట్టులో నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. లిగమెంటు ఏమైనా తెగిందేమో చూడమని వాళ్ళ డాక్టరు రాసి పంపాడు.

ఫిల్ములు లైటు పెట్టె మీద పెట్టి చూశాను. లిగమెంట్లు బాగానే ఉన్నాయి. మణికట్టులో గచ్చకాయలంత చిన్న ఎముకలు కొన్ని ఉంటాయి. నేను ముందుగా చూసే ఫిల్ములో మంచి ఎముక తెల్లగా కనబడాలి. రక్తం అందక చచ్చిపోతున్న ఎముక నల్లబడుతుంది. ఆమె ఫిల్ములో ఆ చిన్న ఎముకల్లో మధ్యది ఒకటి మిగతావాటికంటే కాస్త మసకగా ఉంది. చూశాను. చూడలేదని చెప్పుకుంటే నాకే సుఖంగా ఉండేది, కానీ చూశాను. చెయ్యి సరిగా పెట్టలేదేమో, మిషను లోపమేమో అనుకున్నాను. మళ్ళీ తీయించాలంటే ఆ అమ్మాయిని వెనక్కి పిలవాలి, టెక్నీషియన్ విసుక్కుంటాడు, బయట ఇంకా జనం ఉన్నారు. అన్నీ సాకులే. పక్క గదిలో నాకంటే పెద్ద డాక్టరు ఉన్నారు, అడిగితే చెప్పేవారు. తెలియదని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. నార్మల్ అని రాసి సంతకం పెట్టాను.

మరుసటేడు ఎండాకాలంలో ఆమె మళ్ళీ వచ్చింది, భర్తతో. ఈసారి వేరే ఎముకల డాక్టరు పంపాడు. కొత్త ఫిల్ములో ఆ ఎముక నల్లగా, నలిగి, చదునైపోయి ఉంది. పాత ఫిల్ములు కూడా తెచ్చుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టాను. అదే ఎముక. అప్పటి మసక ఇప్పుడు బొగ్గయింది.

మామూలుగా నేను పేషెంట్లతో మాట్లాడను. ఆ రోజు నేనే లోపలికి పిలిపించాను. ఎందుకు? నిజం చెప్పేద్దామనేనా? అలాగే నమ్మాలని ఇప్పటికీ ఉంది.

నాగమణి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మొదటి రిపోర్టు ఇంట్లో అందరికీ చదివి వినిపించారట. మిషనే ఏమీ లేదని చెప్పింది కదా అని అత్తగారు మళ్ళీ మగ్గంలో కూర్చోబెట్టిందట. నొప్పంటే పని ఎగ్గొట్టే వేషాలన్నారట.

"మా అమ్మ కూడా మిషన్నే నమ్మిందండీ," అంది. తర్వాత నా వైపు చూసింది. "మేడంగారూ, అప్పుడు తీసినదాంట్లో కూడా ఇది ఉందాండీ? ఉందని మా ఆయనతో ఒక్క మాట చెప్పండి, చాలు."

భర్త గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చెడ్డవాడిలా లేడు. అలిసిపోయినవాడిలా ఉన్నాడు.

"లేదమ్మా," అన్నాను. "అప్పుడు బాగానే ఉంది. ఇది ఈమధ్య వచ్చింది."

అతను ఆమె వైపు ఒకసారి చూశాడంతే. నాగమణి తల వంచుకుంది.

"నొప్పయితే అప్పుడూ ఉందండీ," అంది. నాతో వాదిస్తున్నట్టు లేదు. తనకు తానే గుర్తు చేసుకుంటున్నట్టు ఉంది.

నేనేం చేశాను? ఫిల్ములు కవర్లో పెట్టి చేతికిచ్చాను.

ఫిల్ము తప్పుగా చదవడం ఏ డాక్టరుకైనా జరుగుతుంది, దానికి నేను ఎప్పుడో సమాధానం చెప్పుకున్నాను. కానీ ఎముక పాడైన మనిషి ఆ ఎముక సంగతి కూడా వదిలేసి, తాను అబద్ధాలకోరు కాదని సాక్ష్యం చెప్పమని అడిగితే, చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుండి, నా పేరు కోసం ఆ సాక్ష్యాన్ని మింగేశానే, దీనికేం చెప్పుకోను? అంత భయం దేనికి? వాళ్ళు నన్ను ఏం చేయగలరు? కోర్టుకా వెళతారు? అరిచేవాళ్ళు కూడా కాదు.

నాగమణికి ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టరు తర్వాత ఫోన్ చేశారు. పాత ఫిల్ములు ఆయనా చూశారు. జరుగుతుంటాయిలెండి మేడం, వాళ్ళకేం తెలుస్తుంది అన్నారు. నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గు. మణికట్టు కదలకుండా ఎముకలు అతికించేశారట. నొప్పి తగ్గింది, మగ్గం పోయింది. భర్త ఆమెను పుట్టింట్లో దింపి మళ్ళీ తీసుకెళ్ళలేదని మరోసారి ఏదో మాటల్లో ఆయనే చెప్పారు. నేను ఆ మాట వినబడనట్టు వేరే కేసు గురించి అడిగాను.

ఒకసారి బస్సెక్కి పామర్రు దాకా వెళ్ళాను. అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుంటే వాళ్ళ ఊరు, అక్కడ అడిగితే ఆమె పుట్టిల్లు ఎక్కడో చెబుతారు. బస్టాండులో కూర్చుని ఏం చెప్పాలో వరస పెట్టుకున్నాను. ఇప్పుడు చెబితే ఆమెకు మేలా, నాకా? ఉన్న గాయం మళ్ళీ రేపినట్టు కాదా? నాలో నేను వాదించుకుంటూ ఉండగానే బెజవాడ బస్సొచ్చింది. ఎక్కేశాను.

ఆమె ఇప్పుడెక్కడుందో తెలియదు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. చెప్పవలసినదేదో ఇక్కడైనా చెప్పనివ్వండి.

మొదటి ఫిల్ములోనే ఉందమ్మా, నాగమణీ. నీ నొప్పి నిజం. నేను చూశాను.

రాశాక ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది, ఆమెకు కాదు.