పైనుంచి జారే రాడ్డు

సంతోష్‌నగర్‌లో ఇల్లు కట్టుకునేవాళ్లలో దుర్గయ్యను ఎరగనివాళ్లు తక్కువ. స్లాబులకు ఇనుప చువ్వలు వంచి కట్టే రాడ్ బెండింగ్ మేస్త్రీ. మీసం రాకముందు పట్టిన ఇనుము, తల నెరిసినా చేతిని వదల్లేదు. మోసి మోసి కుడిభుజం కిందికి వాలింది. ఊరికే నిలుచున్నా ఏదో మోస్తున్నట్టే కనిపిస్తాడు. "ఇంటికొచ్చినంక గూడ దించవా?" అని భార్య లలితమ్మ నవ్వుతుంది.

కూతురు వీణ డిగ్రీ చదువుతోంది. ఒక సాయంత్రం, కాలేజీలో జరిగే వాదనల పోటీకి తయారవుతూ తండ్రికి ఫోన్‌లో బొమ్మ చూపించింది. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం, దాని కడుపులో కరెంటు స్తంభాలంత రాడ్లు.

"టంగ్‌స్టన్‌వి బాపూ. మందు లేదు, బాంబు లేదు. గంత ఎత్తుమీదికెల్లి వదిలితే ఆ వేగానికే భూమిల దాచుకున్నది గూడ పగిలిపోతదంట."

దుర్గయ్య చేతిలో ముద్ద ఆగింది. "నిజంగ ఉన్నయా గిసొంటివి?"

"లేవు, కాగితం మీదనే. మస్తు ఖర్చంట."

లలితమ్మ ఊపిరి పీల్చుకుంది. దుర్గయ్యకు మాత్రం ధైర్యం రాలేదు. అతను కట్టిన ప్రతి స్లాబూ మొదట కాగితం మీదే ఉండేది మరి. ఇంజనీరు గీసిపోతాడు, ఏడాది తిరిగేసరికి అక్కడ జనం కాపురముంటారు.

ఆ వారమే మొఘల్‌పురాలో మూడో అంతస్తు పని. కింద ఇరుకు గల్లీ. రాడ్ ముక్కలు అందిస్తున్న కూలీ మహేష్ చేతికి చెమట పట్టి ఒకటి జారింది.

"హటో! హటో!" దుర్గయ్య గొంతు చించుకున్నాడు.

కూరగాయల సంచీతో వెళ్తున్న ఒకావిడ గోడకు అతుక్కుపోయింది. రాడ్డు ఆమె పక్కనున్న జామకాయల బండిని చీల్చుకుని దిగబడింది.

దుర్గయ్య మెట్లు దూకుతూ కిందికొచ్చాడు. "మాఫ్ కర్నా ఆపా," అని ఆ అక్కకు చేతులు జోడించాడు. నువ్వు అరవకపోతే చచ్చేదాన్నని ఆవిడ ఉర్దూలో దులిపేసింది. అతను తలొంచుకుని అన్నీ పడ్డాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, చివరికి మంచినీళ్లడిగి తాగింది. వల కట్టి, గల్లీకి తాడు అడ్డం పెట్టేదాకా అతను పని సాగనివ్వలేదు. ఇంటి ఓనరు సణిగాడు, సణగనీ అనుకున్నాడు దుర్గయ్య.

ఇంటికొచ్చి వీణకు జరిగింది చెప్పాడు. "గంత పైనున్నోడు ఎట్ల కేకేస్తడు బిడ్డా? కింద కూరగాయలు తెచ్చుకునేటోళ్లు వాని కండ్లకు ఆనరు గదా."

పోటీకి తీసిన చీటీల్లో వీణకు వచ్చింది ఆ ఆయుధాన్ని సమర్థించే పక్షం. మర్నాడు పక్షం మార్చమని కాలేజీ మేడమ్‌ను అడిగింది. చీటీ తీశాక మార్చేది లేదన్నారామె. ఇక చేసేదేముందని వీణ చేతనైనంత బాగా మాట్లాడింది. రేడియేషన్ ఉండదంది, గురి తప్పదంది, యుద్ధం తొందరగా ముగుస్తుందంది. రెండో బహుమతి వచ్చింది.

స్నేహితురాలు స్రవ్య తీసిన వీడియోను ఇంట్లో చూపించింది. లలితమ్మ మురిసిపోయింది. దుర్గయ్య మొదటినుంచి చివరిదాకా కదలకుండా విన్నాడు.

"మస్తు మాట్లాడినవ్ బిడ్డా."

"కోపమొచ్చిందా బాపూ?"

"కోపమెందుకు? నువ్వు చెప్తుంటే నాకు గూడ నిజమే గదా అనిపించింది." ఫోన్ ఆమె చేతికి తిరిగిచ్చాడు. "గదే భయమైంది."

వీణ ఫోన్ పక్కన పెట్టి తండ్రి దగ్గరికి జరిగి కూర్చుంది.